ఓడ దిగి సొంతంగా ఊరు చూడటం: కొన్నేళ్ల అలవాటు తర్వాత

క్రూయిజ్ బ్రోచర్లలో నాకు బొత్తిగా గిట్టనివి బ్రాకెట్లు. "కౌలాలంపూర్ (పోర్ట్ క్లాంగ్)", "బ్యాంకాక్ (లేమ్ చబాంగ్)", "రోమ్ (చివితావెక్కియా)" అని వేస్తారు. మనం డబ్బు కట్టేది బ్రాకెట్ బయట ఉన్న ఊరిని చూసి. ఓడను కట్టేసేది బ్రాకెట్ లోపలి రేవులో. చివితావెక్కియా నుంచి రోమ్‌కు సుమారు 80 కిలోమీటర్లు. లేమ్ చబాంగ్‌లో దిగినవాడికి బ్యాంకాక్ చేరడానికే రెండు గంటలు పోతాయి, తిరిగి రావడానికి మరో రెండు. ఈ లెక్కన రేపెప్పుడో మన దగ్గర విహార నౌక ఆగితే "నెల్లూరు (కృష్ణపట్నం)" అని అచ్చు వేయడం ఖాయం. దిగినవాడు ఎండలో పాతిక కిలోమీటర్లు వచ్చి, పెన్న ఒడ్డున రంగనాథస్వామి గాలిగోపురం చూసి, ట్రంకు రోడ్డు రద్దీలో ఇరుక్కుని, నెల్లూరంటే ఇంతేనా అనుకుంటూ వెళ్లిపోతాడు.

ఈ సమీక్ష ఓడ గురించి కాదు. గదులు, బఫే, ఈత కొలను గురించి కావలసినంతమంది రాశారు. ఓడ రేవులో ఆగిన రోజున కంపెనీ అమ్మే టూరు కొనకుండా, మన దారిన మనం ఊరు చూసి సాయంత్రానికి మళ్లీ ఓడెక్కే పద్ధతి గురించి రాస్తున్నాను. మా ఇంట్లో కొన్నేళ్లుగా అదే అలవాటు. పినాకినిలో చెన్నై, అక్కడి నుంచి విమానంలో సింగపూర్, సింగపూర్‌లో ఓడ. మలాకా జలసంధి వెంట పైకి వెళ్తే మలేషియాలోని పోర్ట్ క్లాంగ్, పెనాంగ్, ఆపైన థాయిలాండ్‌లోని ఫుకెట్. ఓడవాళ్ల టూరు ధర మనిషికి ఇంత అని చూడగానే మా ఆవిడ ఆ కాగితం మడిచి పక్కన పెట్టేస్తుంది.

నన్ను ఈ అలవాటులోకి దించింది పెనాంగ్. అక్కడ బ్రాకెట్‌తో పని లేదు. ఓడను నేరుగా స్వెట్టెన్‌హామ్ పియర్‌కు కడతారు. గేటు దాటితే జార్జ్ టౌన్ పాత ఊరే. 2008లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన ఊరు అలా గుమ్మం ముందుకు వచ్చి నిలబడుతుందని నేను అనుకోలేదు. గేటు దగ్గర టాక్సీవాళ్లు "కొండ, గుడి, అన్నీ కలిపి ఇంత" అంటూ చుట్టుముడతారు. వాళ్లను దాటి రోడ్డు మీదికి వస్తే గడియారపు స్తంభం కనిపిస్తుంది. విక్టోరియా రాణి పాలనకు అరవై ఏళ్లు నిండాయని 1897లో ఒక చైనా వ్యాపారి కట్టించడానికి పూనుకున్నాడు. ఏడాదికి అడుగు చొప్పున 60 అడుగుల ఎత్తు. దగ్గరలోనే కారన్‌వాలిస్ కోట, 1786లో ఈస్టిండియా కంపెనీ తరఫున ఫ్రాన్సిస్ లైట్ ఈ దీవిలో దిగిన తావు. మనం బడిలో శాశ్వత శిస్తు పాఠంలో చదువుకున్న కారన్‌వాలిస్ పేరే ఈ కోటకు. నన్నడిగితే ఆ కోటను బయటి నుంచి చూస్తే చాలు.

అక్కడి నుంచి పది నిమిషాలు నడిస్తే క్వీన్ స్ట్రీట్, అందులో 1833 నాటి మహామారియమ్మన్ గుడి. చుట్టుపక్కల వీధులన్నీ లిటిల్ ఇండియా. పూలమాలలు, ఇత్తడి సామాన్లు, చీరల అంగళ్లు, దుకాణం దుకాణానికీ ఒక్కో సినిమా పాట. నెల్లూరు వాళ్లకు అరకొరగానైనా తమిళం వస్తుందంటే అది చెన్నై ఆసుపత్రుల పుణ్యం. ఆ తమిళం సముద్రం అవతల కూడా పనికొస్తుందని మా ఆవిడ ఎన్నడూ అనుకోలేదు. గోత్రనామాలు చెప్పి అర్చన చేయించింది, పూలమ్మే ఆమెతో బేరమాడింది, అరిటాకు భోజనం ఎక్కడ బాగుంటుందో ఆమెనే అడిగి తెలుసుకుంది. టూరు బస్సులో వచ్చినవాళ్లు ఆ వీధి మొదట్లో దిగి, గైడు ఎత్తిపట్టిన జెండా వెనకాల నడిచి, ఫొటోలు తీసుకుని వెళ్లిపోయారు. మేము మాత్రం గుడి అరుగు మీద తాపీగా కూర్చున్నాం. సొంతంగా తిరగడంలో నాకు నచ్చినదంతా ఆ కూర్చోవడంలోనే ఉంది.

నా మటుకు నాకు పెనాంగ్ అంటే అసాం లక్సా. కానాగంత చేపను ఉడికించి, ముళ్లు తీసి, చింతపండు పులుపుతో మరిగించి, బియ్యపు సేమ్యా మీద పోసి ఇస్తారు. పైన పుదీనా, అనాస ముక్కలు వేస్తారు. మొదటి గుటకకు అది నెల్లూరు చేపల పులుసుకు దూరపు చుట్టమనిపించింది. గిన్నె అంచున వేసిన నల్లటి రొయ్యల ముద్ద రెండో గుటకలో కలిసేసరికి ఆ చుట్టరికం తెగిపోయింది. అయినా గిన్నె ఖాళీ చేశాను.

ఊళ్లో తిరిగే ఉచిత బస్సు ఒకటుంది, క్యాట్ అంటారు. పాత ఊరంతా చుట్టి వస్తుంది. కొండకు వెళ్లే 204 నంబరు బస్సుకు టికెట్టుంది, చిల్లర సరిగ్గా దగ్గర పెట్టుకోవాలి. ఫోనులో ముందే దింపుకున్న పటాన్ని మాత్రం నమ్ముకోకండి. మా ఫోనులోనిది ఇంటర్నెట్ లేనప్పుడు కారు దారే చూపిస్తుంది, నడక దారి చూపించదు. జార్జ్ టౌన్‌లో వన్‌వేలు ఎక్కువ. పక్క సందులో ఉన్న మసీదుకు అది మమ్మల్ని ఊరు చుట్టూ తిప్పబోయింది. రేవు గేటు దగ్గర ఉచితంగా ఇచ్చే కాగితం పటమే దారి చూపింది.

పోర్ట్ క్లాంగ్ గురించి ఎక్కువ రాయను. మనవాళ్లందరికీ అక్కడ కావలసింది బటు గుహలు: 42.7 మీటర్ల మురుగన్ విగ్రహం, ఆ వెనక 272 మెట్లు. పోర్ట్ క్లాంగ్ నుంచి కౌలాలంపూర్‌కు లోకల్ రైలు ఉందని చదివి చాలామంది ఉత్సాహపడతారు. రైలు ఉన్న మాట నిజమే. కానీ విహార నౌకలు ఆగేది ఆ స్టేషన్ దగ్గర కాదు, పులావ్ ఇందా అనే దీవిలో. స్టేషన్ చేరడానికే టాక్సీ కావాలి, ఆ తర్వాత రైల్లో గంటకు పైగా ప్రయాణం. అంటే బ్రాకెట్ లోపలి పేరు కూడా పూర్తి నిజం చెప్పదు. అక్కడ నేను టూరే కొంటాను, ఏ సిగ్గూ లేకుండా.

ఇక ఫుకెట్. బ్రోచర్‌లో "ఫుకెట్" అని ఒక్క మాటే ఉంది. బ్రాకెట్ లేదు కదా అని నేను సంతోషించాను. తీరా చూస్తే మా ఓడ ఏ రేవుకూ కట్టలేదు, పటోంగ్ తీరానికి ఎదురుగా సముద్రంలో లంగరు వేసింది. ఓడ పక్కన వేలాడే రక్షణ పడవలనే కిందికి దించి జనాన్ని ఒడ్డుకు చేరవేస్తారు. వాటినే టెండర్లంటారు. టెండర్ ఎక్కాలంటే టోకెన్ తీసుకోవాలి, అందులోనూ టూరు కొన్నవాళ్లకే ముందు పిలుపు. ఉదయం ఇడ్లీ కూడా పూర్తిగా తినకుండా వెళ్లి టోకెన్ పుచ్చుకుని, ఓడలోని థియేటర్‌లో కూర్చున్నాం. ఒకదాని తర్వాత ఒకటి టూరు బృందాలు లేచి వెళ్తున్నాయి. మా నంబరు వచ్చి ఒడ్డున కాలు పెట్టేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. వాట్ చలోంగ్ ఆలయం, పాత ఫుకెట్ పట్నంలోని రంగురంగుల మేడలు చూద్దామని అనుకున్నాం. పట్నం పటోంగ్‌కు కొండ అవతల ఉంటుంది. దానికి ఎక్కిన టుక్‌టుక్ ధర తలుచుకుంటే ఇప్పటికీ మా ఆవిడకు తలనొప్పి. ఆలయం మానేసి పాత పట్నంలోని తలాంగ్ రోడ్డు ఒక్కటి చూసి వెనక్కి తిరిగాం.

అసలు కథ తిరిగి వచ్చాక మొదలైంది. పటోంగ్ ఉన్నది దీవి పడమటి తీరాన. మే నుంచి అక్టోబరు దాకా నైరుతి గాలులకు అక్కడ సముద్రం పోటెత్తి ఉంటుందని అందరూ చెప్పేదే. మేము వెళ్లింది ఆ నెలల్లో కాదు. అయినా మధ్యాహ్నం దాటాక గాలి తిరిగింది. ఒడ్డు నుంచి నీళ్లలోకి వేసిన తేలే వంతెన లేచి పడుతోంది. టెండర్ వచ్చి ఆనుకోబోతుంది, అల దాన్ని వెనక్కి లాగేస్తుంది. ఒకదాన్ని నింపి పంపడానికి పట్టే సమయంలో ఉదయం మూడు పంపేవారు. ఇసుకలో వరుస పెరుగుతూ పోయింది. నీడ లేదు. ఓడ సిబ్బంది నీళ్ల గ్లాసులు పంచుతున్నారు, చల్లటి తువ్వాళ్లు ఇస్తున్నారు, ఎప్పటికి ఓడ చేరుస్తారో మాత్రం చెప్పడం లేదు.

దీనికి తోడు గడియారం గొడవ. థాయిలాండ్ సమయం సింగపూర్ కంటే గంట వెనక. మా ఓడ సింగపూర్ సమయాన్నే పాటించింది. ఫోన్లు మాత్రం ఒడ్డు తగలగానే తమంతట తామే థాయి సమయానికి మారిపోయాయి. మా ఆవిడ చేతికి పాత హెచ్‌ఎంటీ కీ గడియారం ఉంటుంది. దాన్ని ఓడ సమయం నుంచి కదపనివ్వదు, మేము చూసేది దాన్నే. మా వెనక నిలబడ్డ, కావలి ఊరి నుంచి వచ్చిన కుర్రాళ్లు నన్నడిగారు: "అంకుల్, ఇంకా గంట టైముంది కదా, అందరూ ఎందుకిలా తోసుకుంటున్నారు?" మా ఆవిడ చేయి చాచి గడియారం చూపించింది. వాళ్ల ముఖాలు పాలిపోయాయి.

ఓడవాళ్లు చెప్పే నియమం అందరికీ తెలిసిందే. వాళ్ల టూరు బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, సొంతంగా వెళ్లినవాడి కోసం ఆగదు. మమ్మల్ని ఆ రోజు గట్టెక్కించింది సొంత ప్లానూ కాదు, హెచ్‌ఎంటీ గడియారమూ కాదు. మా ముందు వరుసలో రెండు టూరు బృందాలు చిక్కుకుని ఉన్నాయి. వాళ్లను వదిలి ఓడ కదలదు. టూరు డబ్బు కట్టినవాళ్ల పుణ్యాన డబ్బు కట్టని మేము కూడా ఓడెక్కాం. ఈ మాట రాయడం నాకేమీ సరదాగా లేదు.

మా అత్తగారిని ఎక్కించడం మరో ఘట్టం. వంతెన అంచుకు వచ్చి, ఎగిరి పడుతున్న పడవను చూసి, "నాయనా, నేను ఇక్కడే ఏదో ఒక గుళ్లో ఉంటాను, మీరు వెళ్లి రండి" అంది. ఇద్దరు నావికులు చెరో రెక్క పట్టుకుని, అల పైకి లేచిన క్షణం చూసి లోపలికి చేర్చారు. అప్పటి నుంచి ఏ ఊరైనా ఆవిడ అడిగేది ఒక్కటే, మెట్లు దిగితే నేల వస్తుందా, నీళ్లు వస్తాయా అని. నిజానికి ప్లాన్ వేసేటప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న అదే. ఓడ రేవుకు కడుతుందా, లంగరు వేస్తుందా అన్నది ముందు తేల్చుకోవాలి. ఆ తర్వాతే ఊరు ఎంత దూరం, ఓడ ఏ గడియారం పాటిస్తుంది అన్నవి. ఏమి చూడాలన్నది అన్నిటికంటే చివర.

పెనాంగ్‌ను మరీ ఎక్కువ పొగిడానేమో, కొంచెం తగ్గిస్తాను. పైన రాసిన పది నిమిషాల నడక మోకాళ్లు బాగున్నవాళ్ల పది నిమిషాలు. దుకాణాల ముందున్న వరండా దారుల్లో మోటారు సైకిళ్లు నిలిపి ఉంటాయి, దిగి రోడ్డు మీద నడవాలి. మా అత్తగారితో వెళ్లినప్పుడు అది అరగంట నడక అయింది. అదే రోజు మరో పెద్ద ఓడ కూడా వచ్చి ఉంటే ఆర్మీనియన్ స్ట్రీట్‌లో గోడ మీది సైకిలు పిల్లల బొమ్మ దగ్గర ఫొటోకు వరుసలో నిలబడాలి. 1923లో మొదలైన పెనాంగ్ కొండ రైలు చూడదగ్గదే. కానీ సెలవు రోజున దాని కోసం నిలబడితే మిగతా ఊరంతా పోతుంది. దూరంగా ఉన్నదాన్ని ముందు చూసి, ఓడ దగ్గరున్నవాటిని చివరికి ఉంచుకోవడం మామూలుగా మంచి పద్ధతి. కాకపోతే మారియమ్మన్ గుడి మధ్యాహ్నం మూసేస్తారు కాబట్టి అక్కడ మేము ఆ పద్ధతిని పక్కన పెట్టేశాం. చివరిసారి కొండను మొత్తంగా వదిలేశాం. ఆ రోజే అన్నిటికంటే హాయిగా గడిచింది.

ఒంగోలులో ఉన్న మా బావమరిది ప్రతి సెలవులకూ ఫోను చేసి అడుగుతాడు: "బావా, ఓడవాళ్ల టూరు తీసుకోమంటావా?" ఒకప్పుడు "దండగ, వద్దు" అనేవాణ్ణి. ఈసారి వాళ్ల ఓడ పెనాంగ్, ఫుకెట్ రెండు చోట్లా ఆగుతుంది. పిల్లలు చిన్నవాళ్లు, అతనికి తమిళం రాదు. పెనాంగ్‌లో టూరు వద్దన్నాను, ఇంగ్లీషుతో కూడా అక్కడ నెట్టుకురావచ్చు. ఫుకెట్‌లో లంగరు అయితే ఒడ్డుకు వెళ్లినా పటోంగ్ దాటవద్దని, దూరం వెళ్లాలని ఉంటే టూరు కొనమని చెప్పాను. మాలాగా పిల్లల బాధ్యత లేనివాళ్లకు, తీరిక ఉన్నవాళ్లకు, గుడి అరుగు మీద కూర్చుంటే చాలనుకునేవాళ్లకు సొంతంగా తిరగడం బాగుంటుంది. ఒక్క రోజులో అన్నీ చూసేయాలనుకునేవారికి ఇది సరిపడదు. ఎవరు ఎలా వెళ్లినా, ముందు రాత్రి గదిలోకి వచ్చే మర్నాటి కార్యక్రమాల కాగితాన్ని ఫొటో తీసి ఉంచుకోండి. ఆ రేవులో ఓడ కంపెనీ ఏజెంటు ఫోను నంబరు అందులోనే ఉంటుంది.