పగలు టాలీ, రాత్రి సినిమా: ఓఎల్‌ఈడీ ల్యాప్‌టాప్‌తో నా అనుభవం

విశాఖ పోర్టు దగ్గర ఒక షిప్పింగ్ ఏజెన్సీలో అకౌంట్స్ చూస్తాను. పగలంతా ఎక్సెల్, టాలీ. రాత్రి భోజనాలయ్యాక అదే ల్యాప్‌టాప్‌లో సినిమా. నాది 14 అంగుళాల ఓఎల్‌ఈడీ, అంటే తెరలోని ప్రతి చుక్క (పిక్సెల్) దానంతటదే వెలిగే రకం. కొని మూడేళ్లు దాటింది. ఆఫీసువాళ్లు ఇచ్చిన ల్యాప్‌టాప్‌ది మామూలు మ్యాట్ ఐపీఎస్ తెర, అంటే మెరుపు లేని, వెనక లైటుతో వెలిగే రకం. రెండూ ఒకే బల్ల మీద వాడాక నాకు తేలింది ఇది: పగలు ఎక్కడ కూర్చుని పని చేస్తారో ముందు చూసుకోండి, సినిమా సంగతి ఆ తర్వాత.

మా ఇల్లు ఎంవీపీ కాలనీలో. గదికి తూర్పు కిటికీ, పొద్దున్నే సముద్రం వైపు నుంచి ఎండ నేరుగా లోపలికి కొడుతుంది. ఓఎల్‌ఈడీ తెరలు ఎక్కువగా నిగనిగలాడే రకం. ఎక్సెల్ తెరిస్తే అంకెల మధ్య కిటికీ ఊచలు, వెనక ఆరేసిన తువ్వాళ్లు కూడా కనిపిస్తాయి. మా అమ్మ ఒకసారి మధ్యాహ్నం పూట సినిమా చూస్తూ, "బొమ్మ బాగానే ఉంది గానీ, చీకటి సీను వచ్చినప్పుడల్లా నా మొహమే కనిపిస్తోందేటిరా" అంది. అంతకంటే బాగా నేను చెప్పలేను. మ్యాట్ తెర మీద పడ్డ వెలుతురు చెదిరిపోతుంది కాబట్టి ఆ బాధ చాలా తక్కువ. అయితే మ్యాట్ అని రాసి ఉంటే చాలదు, వెలుగు కూడా ఉండాలి. ఆ వెలుగుని నిట్స్‌లో కొలుస్తారు. 250 నిట్స్ తెర కిటికీ పక్కన వెలవెలబోతుంది. వెలుతురున్న గదికి 400 ఉంటే హాయి.

ఇక మన ఊరి ఉప్పుగాలి సంగతి తెలిసిందే. కిటికీ తీసి ఉంచితే నాలుగు రోజులకే తెర మీద జిడ్డు పొర. నిగనిగలాడే తెర మీద అది ఇట్టే తెలిసిపోతుంది. మైక్రోఫైబర్ గుడ్డని కొంచెం తడిపి తుడిస్తే పోతుంది. అద్దాలు తుడిచే మందు మాత్రం కొట్టకండి, పూత పాడవుతుంది.

ఆఫీసు పనికి నాకు బాగా కలిసొచ్చింది తెర ఎత్తు. రెండు ల్యాప్‌టాప్‌లవీ 16:10 తెరలే, అంటే వెడల్పు 16 పాళ్లయితే ఎత్తు 10 పాళ్లు. 1920×1080కి బదులు 1920×1200 ఉంటే కింద 120 పిక్సెల్ వరుసల ఎత్తు ఎక్కువ. ఎక్సెల్ షీటులో అది ఐదారు వరుసలు. జీఎస్టీ రిటర్న్ గడువు దగ్గర పడ్డాక ఆ ఐదారు వరుసలు ఎంత ప్రాణానికి సుఖమో అకౌంట్స్ వాళ్లకి తెలుసు.

సినిమాకి ఇదే ఎత్తు అడ్డం తిరుగుతుంది. సినిమాస్కోప్ బొమ్మ 2.39:1. ఈ తెర మీద పెడితే పైనా కిందా కలిపి దాదాపు మూడో వంతు ఖాళీ. ఐపీఎస్‌లో వెనక లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, కాబట్టి లైట్లు ఆపేసిన గదిలో ఆ ఖాళీ బూడిద రంగులో, మూలల్లో మసక వెలుగుతో కళ్లలో పడుతుంది. ఓఎల్‌ఈడీలో నలుపంటే అక్కడి పిక్సెల్ ఆరిపోయినట్టే. పట్టీలు చీకట్లో కలిసిపోయి బొమ్మ ఒక్కటే మిగులుతుంది. రాత్రి సీన్లలో నల్ల చొక్కా మడతలు కూడా తెలుస్తాయి. ఈ విషయంలో పోటీయే లేదు. నా తెర 90 హెర్ట్జ్, అంటే సెకనుకి 90 సార్లు బొమ్మ మారుస్తుంది, అదొక్కటే వెలితి. సినిమా సెకనుకి 24 ఫ్రేములు. 120ని 24తో భాగిస్తే సరిగ్గా 5 వస్తుంది, 60, 90 అలా తెగవు. అందుకే కెమెరా పక్కకి తిరిగే షాట్లలో చిన్న కుదుపు. మావాళ్లెవరూ గమనించలేదు, నా కంటికే ఆనింది.

కొనే ముందు ఒక పరీక్ష చేయండి. ద్వారకానగర్ షాపుల్లో తెర మీద రంగురంగుల చేపల వీడియో తిరుగుతుంటుంది, దానికి పడిపోకండి. తెల్లటి ఎక్సెల్ షీటు తెరిపించి, వెలుగు బాగా తగ్గించి, ఫోన్ కెమెరా షట్టర్ వేగం పెంచి చూడండి. నల్ల చారలు పాకుతుంటే తెర మినుకుమంటున్నట్టు. చాలా ఓఎల్‌ఈడీలు వెలుగు తగ్గించడానికి పిక్సెళ్లని వేగంగా ఆర్పి వెలిగిస్తాయి. అందరికీ ఇబ్బంది ఉండదు గానీ కొందరికి తలనొప్పి వస్తుంది. నేను వెలుగు సగానికి పైనే ఉంచుతాను. తెల్ల పేజీకి కరెంటు కూడా ఎక్కువ తాగుతుంది, రోజంతా ఎక్సెల్ అయితే చార్జర్ సంచిలో ఉండాల్సిందే.

ఒకే బొమ్మ చాలాసేపు కదలకుండా ఉంటే ఓఎల్‌ఈడీ తెర మీద దాని మచ్చ పడుతుందని అందరూ భయపెట్టారు. టాలీలో కుడి పక్క బటన్ల పట్టీ రోజంతా కదలదు కాబట్టి నాకూ టెన్షన్‌గానే ఉండేది. టాస్క్‌బార్ దాచేసి, రెండు నిమిషాల్లో తెర ఆరిపోయేలా పెట్టుకున్నాను. అప్పుడప్పుడు తెర నిండా బూడిద రంగు పెట్టి చూస్తుంటాను, ఇంతవరకు కంటికి కనిపించే మచ్చ లేదు.

ఇప్పుడు మళ్లీ కొనాలంటే, నా గదికి మాత్రం మ్యాట్ ఐపీఎస్సే: 16:10, 400 నిట్స్, 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ (తెర ఎన్ని రంగులు చూపగలదో చెప్పే కొలత). తక్కువ రేటు మోడళ్లలో "45 శాతం ఎన్‌టీఎస్‌సీ" అని ఉంటే వదిలేయండి, అదీ రంగుల కొలతే, అందులో ఎర్ర పట్టుచీర ఇటుక రంగులో కనిపిస్తుంది. కిటికీకి పరదా ఉండి, సినిమాలు రాత్రిపూటే చూసేవాళ్లు ఓఎల్‌ఈడీ నిస్సందేహంగా తీసుకోవచ్చు. కాకపోతే తెర పగిలితే ఖర్చు గట్టిగానే ఉంటుంది. మచ్చ పడితే వారంటీలో మారుస్తారో లేదో బిల్లు కట్టకముందే రాతపూర్వకంగా అడిగి తీసుకోండి.