డిటెక్టివ్ నవలలు కొనేవాళ్లు జాగ్రత్త: ఈ అమ్మకందారు హంతకుడి పేరు మెసేజ్‌లో చెప్పేస్తాడు

చేతులు ఇంకా వణుకుతున్నాయి, తప్పులుంటే క్షమించండి. సెకండ్ హ్యాండ్ పుస్తకాల యాప్‌లో క్రైమ్ నవలలు వెతికితే ముందుగా కనిపించే ఆ అమ్మకందారు మీ అందరికీ తెలుసు. నవల కూడా తెలుసు. పాత డిటెక్టివ్ కథల మీద ప్రేమతో ఈమధ్యే ఒకరు రాసినది: మంచులో చిక్కుకున్న బంగళా, లోపల గడియ వేసి ఉన్న గది, బయటికి వెళ్లే దారి లేని ఎనిమిది మంది. "కొత్త కాపీ, తెరవను కూడా లేదు" అని రాసి ఉంటే నమ్మి కొన్నాను. రాగానే చివరి దాకా తిరగేసి చూసుకోలేదు. అది నా తప్పే. చివరి పేజీల్లో ఏ పేరైనా కంట పడుతుందేమోనని భయపడ్డాను.

పన్నెండు రోజులు నోట్‌బుక్ పక్కన పెట్టుకుని చదివాను. ఎవరు ఎన్ని గంటలకు ఏ గదిలో ఉన్నారో పట్టిక గీసుకున్నాను. అప్పుడొచ్చింది 'పాఠకుడికి సవాల్' పేజీ. 1929లో ఎల్లరీ క్వీన్ (ఇద్దరు అమెరికన్ డిటెక్టివ్ రచయితల కలం పేరు) మొదటి నవలలో ఉన్న పద్ధతే. కథ అక్కడ ఆపి, ఆధారాలన్నీ మీ ముందే ఉన్నాయి, హంతకుడెవరో మీరే తేల్చండి అని అడుగుతారు. రెండు రోజులు ఆలోచించి ఒక పేరు రాసుకున్నాను. గడియ ఎలా పడిందో మాత్రం తేలలేదు. ఇక చాలనుకుని పేజీ తిప్పాను.

304 తర్వాత 321. ఒక ఫారం (కలిపి మడిచి కుట్టే పేజీల కట్ట) మొత్తం, పదహారు పేజీలు, బైండింగ్‌లోనే లేవు. 321 కనబడగానే పుస్తకం మూసేశాను.

అమ్మకందారుకి మర్యాదగానే రాశాను. "ఒక ఫారం లేదండీ. వేరే కాపీ పంపండి, లేదంటే ఆ పదహారు పేజీలు ఫొటో తీసి పంపినా చాలు. కథ గురించి మాత్రం ఏమీ చెప్పకండి, ఇంకా చదువుతున్నాను."

ఇరవై నిమిషాల్లో జవాబు. "హంతకుడెవరో తెలియాలి, అంతేగా?" అని, పక్కనే పేరు. ఆ కిందే గడియ ఎలా పడిందో ఒక్క ముక్కలో. "ఇక పుస్తకంతో పనేముంది?" అని ముగింపు. నేను మెసేజ్ తెరవను కూడా లేదు. ఫోన్ తెర మీద నోటిఫికేషన్‌లోనే అంతా కనిపించేసింది. చెప్పొద్దని అడిగాక చెప్పాడు. తెలియక చేసిన పని కాదిది. కాసేపటికి నా ఫిర్యాదు పక్కన 'పరిష్కారమైంది' అని పడింది.

నేను రాసుకున్న పేరు అదే. ఆ సంగతి నాకు డిటెక్టివ్ నోట తెలియాల్సింది, హాల్లో అందరినీ కూర్చోబెట్టి ఒక్కొక్క ఆధారం బయట పెడుతుండగా తెలియాల్సింది. గడియ సంగతి కోసం వెనక్కి వెళ్లి చూస్తే మూడో అధ్యాయంలోనే ఉంది, ఒక చిన్న మాటలో. రచయిత అంత నిజాయితీగా కళ్ల ముందే పెట్టాడు. ఆ ఆశ్చర్యం ఇక ఈ జన్మలో నాకు రాదు.

1930 ప్రాంతంలో అమెరికాలో హార్పర్ ప్రచురణ సంస్థ కొన్ని డిటెక్టివ్ నవలల చివరి భాగాన్ని కాగితంతో సీల్ చేసి అమ్మేది. సీల్ చింపకుండా తిరిగిస్తే డబ్బు వాపసు. ముగింపు ఎంత విలువైనదో అమ్మేవాళ్లకు కూడా తెలిసిన రోజులవి.

అతని దగ్గర కొనకండి. ఎక్కడ కొన్నా సరే, పుస్తకం రాగానే ఇంట్లో ఇంకెవరిచేతనైనా పేజీ నంబర్లు మొదటి నుంచి చివరి దాకా చూపించండి. ఫిర్యాదు యాప్ వాళ్లకే పెట్టండి. అమ్మకందారుకి రాయక తప్పకపోతే ముందు నోటిఫికేషన్లు ఆపేసి, వచ్చిన జవాబు మీ బదులు వేరే ఎవరినైనా చదవమనండి.