నాలుగు సీజన్లు అఫ్లాటాక్సిన్ స్ట్రిప్ వాడాక

మాది అనంతపురం జిల్లాలో చిన్న వేరుశనగ మిల్లు. కాయలు కొని, పొట్టు తీయించి, పప్పు అమ్ముతాం. పప్పుకు పట్టే బూజు వదిలే విషమే అఫ్లాటాక్సిన్. అది ఉందో లేదో చూసే స్ట్రిప్ విషయం ముందే చెప్పేస్తా: అది బాగానే పనిచేస్తుంది. మోసం చేసేది మనం తీసే శాంపిలే.

మొదటి ఏడాది ఒక లోడులో పై బస్తా నుంచి గుప్పెడు పప్పు తీసి పరీక్షించా. క్లీన్ అని వచ్చింది, పంపేశాం. కొన్నవాళ్ల ల్యాబ్‌లో ఫెయిలై లారీ వెనక్కి తిరిగొచ్చింది. రానూపోనూ కిరాయి నా నెత్తినే పడింది. వేల గింజల్లో ఏ ఒకటి రెండింటికో గట్టిగా బూజు పట్టినా లాటు మొత్తం ఫెయిలవ్వచ్చు. ఆ గింజలు గుప్పెట్లో పడకపోతే స్ట్రిప్ మాత్రం ఏం చేస్తుంది? ఇప్పుడు బస్తా బస్తాకీ గొట్టం పొడిచి ఐదు కిలోలు పోగేసి, మొత్తం మిక్సీలో కొట్టి, బాగా కలిపాకే కొంచెం తీస్తున్నా. పప్పులో నూనె ఎక్కువ కదా, ఆగకుండా తిప్పితే ముద్దయిపోతుంది. ఆపి ఆపి తిప్పాలి.

ఆ తర్వాత పని తేలికే. పొడిలో 70 శాతం మిథనాల్ పోసి, కుదిపి, వడగట్టి, కిట్‌లో ఇచ్చిన ద్రావణంతో పలచన చేసి చుక్కలు వేయడమే. మిథనాల్ విషం, ఇట్టే అంటుకుంటుంది, పిల్లలకు అందనివ్వకండి. తికమకంతా గీతల దగ్గరే. గర్భం పరీక్షకు ఇది పూర్తిగా రివర్సు. రెండు గీతలుంటే సరుకు మంచిది, రెండోది మాయమైతే విషం ఉన్నట్టు. "ఒకటే గీత సార్, బాగుంది" అంటూ మా గుమస్తా కొన్నాళ్లు ఉల్టా చదివాడు.

నాకు నచ్చనిది మసక గీత. ఉందా, లేదా? ముగ్గురికి చూపిస్తే మూడు మాటలు. పైగా చెప్పిన నిమిషానికే చదవాలి, టీ తాగొచ్చి చూస్తే లెక్క మారిపోతుంది. వానాకాలంలో కవరు ముందే చింపినా చెమ్మ పట్టి స్ట్రిప్ పాడవుతుంది. నా స్ట్రిప్ చెప్పేది 10 పీపీబీకి (కిలోకు 10 మైక్రోగ్రాములు) పైనా, కిందా అన్నంతవరకే. యూరప్‌లో నేరుగా తినే పప్పుకు మొత్తం అఫ్లాటాక్సిన్ 4 పీపీబీ, అందులో బీ1 అనే రకం 2 పీపీబీ దాటకూడదు. అలాంటి ఆర్డరుకు ల్యాబే దిక్కు.

డబ్బులు గిట్టిందల్లా ఒక చిట్కా వల్ల. ముడుచుకున్నవి, నల్లబడ్డవి, పగిలినవి ఏరించి విడిగా పరీక్షించా. రెండో గీత జాడే లేదు! అదే లాటులో మిగతా పప్పు పాసైంది. చివరి తడి అందక కాయ ఎండిన ఏడాది ఈ ఏరివేతే మమ్మల్ని కాపాడింది.

ఏరిన పప్పును మునుపు నూనెకు అమ్మేవాణ్ణి. విషం చాలావరకు చెక్కలోనే మిగిలి, పశువు తింటే కొంత ఎం1 అనే అఫ్లాటాక్సిన్ రూపంలో పాలలోకి దిగుతుందని తెలిశాక మానేశా. పరీక్షలకు వాడే మిక్సీని మాత్రం మా ఆవిడ ఇంటి గడప తొక్కనివ్వట్లేదు.