ఏసీఎల్ శస్త్రచికిత్స: మోకాలిచిప్ప స్నాయుబంధనమా, తొడ వెనుకదా?

తెగిన ఏసీఎల్ (మోకాలి లోపల తొడ ఎముకను, కాలి ఎముకను కలిపి ఉంచే సంధిబంధనం) స్థానంలో మోకాలిచిప్ప స్నాయుబంధనాన్ని (టెండన్) అమర్చినా, తొడ వెనుకదాన్ని అమర్చినా, అది కొలాజెన్ అనే ప్రొటీను తంతువులు దట్టంగా వరుసదీరిన సంయోజక కణజాలమే. అందులోని పాత కణాలు చాలావరకు నశించాక, చుట్టుపక్కల నుంచి ఫైబ్రోబ్లాస్టులు (కొలాజెన్‌ను తయారుచేసే కణాలు) చేరి, ఏడాదికి పైగా శ్రమించి దాన్ని సంధిబంధనంగా మలుస్తాయి. ఈ నిరీక్షణను ఎవరూ తేలికగా తీసుకోకూడదు.

ఖర్చు: రెండూ సొంత శరీరంలోవే కనుక కణజాలానికి వేరే ధర ఉండదు.

అతుకు: చిప్ప స్నాయుబంధనం రెండు కొసలా ఎముక ముక్కలతో వస్తుంది కనుక సుమారు 6 వారాల్లో ఎముకకు అతుకుతుంది, తొడ వెనుకదానికి 8 నుంచి 12 వారాలు పట్టవచ్చు.

ఇబ్బంది: మొదటిదానితో మోకరిల్లినప్పుడు నొప్పి కలగవచ్చు, రెండవదానితో మోకాలు మడిచే బలం కొంత తగ్గుతుంది.

కబడ్డీ వంటి ఆటలకు తిరిగి వెళ్లాలనుకునే యువతకు మొదటిది, నమాజుకో నేల పనికో తరచూ మోకరిల్లేవారికి రెండవది నప్పుతాయి.