ఫొటోగ్రఫీ క్లబ్‌లో ఏది మేలు: పోటీయా, ఫొటోవాకా, సమీక్షా?

క్లబ్‌లో చేరిన కొత్తలో అన్నిటికీ వెళ్లాలనిపిస్తుంది. తర్వాత ఉద్యోగం, ఇల్లు చూసుకుంటూ నెలకు ఒకటో రెండో కార్యక్రమాలకే తీరిక దొరుకుతుంది. బహుమతులు, సర్టిఫికెట్ల సంగతి పక్కన పెట్టి, దేనికి వెళ్తే ఎక్కువ నేర్చుకుంటామో చూద్దాం.

ఎక్కువమందిని లాగేది పోటీ. దానివల్ల లాభం లేకపోలేదు. గడువు తరుముతుంటే హార్డ్ డిస్కులో మూలుగుతున్న వందల ఫొటోల్లోంచి మూడో నాలుగో ఏరక తప్పదు. ఏరడం కూడా విద్యే. అడిగిన సైజుకు తగ్గించడం, ఎస్‌ఆర్‌జీబీ అనే రంగుల ప్రమాణంలో సేవ్ చేయడం లాంటివీ ఆ టెన్షన్‌లోనే ఒంటబడతాయి.

తీర్పు దగ్గరే చిక్కు. రెండు గంటల్లో 80 ఫొటోలు చూడాలంటే జడ్జికి ఒక్కోదానికి నిమిషంన్నర దొరుకుతుంది. "హొరైజన్ వాలింది", "అంచున ఉన్న తెల్లమచ్చ చూపును లాగేస్తోంది" అని చెప్పడానికి అది చాలు. ఆ మాటలు పనికొచ్చేవే. కానీ మీరు అసలేం చెప్పబోయారో ఆలోచించే వ్యవధి అందులో లేదు. పైగా కొన్నాళ్లకు తెలియకుండానే జడ్జీలకు నచ్చే ఫొటోలు తీయడం మొదలవుతుంది. ఇదేమీ కొత్త జబ్బు కాదు. ఒకప్పుడు సలోన్లలో, అంటే పోటీ ప్రదర్శనల్లో, మసకమసకగా, పెయింటింగ్‌ను తలపించే ఫొటోలకు ఆదరణ ఎక్కువ. ఆ అభిరుచిని కాదని 1932లో అమెరికన్ ఫొటోగ్రాఫర్లు ఆన్సెల్ ఆడమ్స్, ఎడ్వర్డ్ వెస్టన్, ఇమోజెన్ కనింగ్‌హామ్ మొదలైనవాళ్లు కలిసి 'గ్రూప్ ఎఫ్/64' పెట్టుకున్నారు. ఎఫ్/64 అంటే దగ్గరున్నదీ దూరాన ఉన్నదీ స్పష్టంగా పడే చిన్న అపెర్చర్ (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం). ఆ పేరులోనే వాళ్ల పంతం తెలుస్తుంది.

ఫొటోవాక్‌లో, అంటే కెమెరాలతో కలిసి తిరుగుతూ ఫొటోలు తీయడంలో, చదువు చేతిలో ఉంటుంది. కదిలే సైకిల్‌ను 1/500 సెకను షటర్ వేగంతో తీస్తే చక్రాలు కూడా బిగుసుకుపోయి, సైకిల్ ఆగి ఉన్నట్టే కనిపిస్తుంది. పక్కనున్న సీనియర్ "1/30కి దించు, సైకిల్‌తో పాటు కెమెరాను తిప్పు" అంటాడు. అలా చేస్తే వెనకదంతా చెదిరి, సైకిల్ వేగం కనిపిస్తుంది. ఇంకో సైకిల్ వచ్చేలోపే సరిచేసుకోవచ్చు. ఎండలో వెలుగు కొలిచే మీటర్ చూడకుండా అపెర్చర్ ఎఫ్/16, ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) 100, షటర్ 1/100 దగ్గర మొదలుపెట్టి వెలుగు అంచనా వేయడం కూడా ఇలా ఆరుబయట అలవాటయ్యేదే. అయితే ఇరవైమంది గుంపుగా వెళ్తే అందరూ ఒకే గుమ్మం ముందు నిలబడి ఒకే ఫొటో తీస్తారు. ఎదుటివాళ్లు బెదిరిపోతారు. మిగతా సమయం లెన్సుల ధరల చర్చకు పోతుంది. నలుగురైదుగురికి మించకపోతేనే వాక్‌కు విలువ.

ఇక సమీక్ష, అంటే తీసిన ఫొటోలను అందరూ కలిసి చూసి మాట్లాడుకోవడం. చాలా క్లబ్బుల్లో దీనికి ఆదరణ తక్కువ, నా ఓటు మాత్రం దీనికే. మార్కులుండవు కాబట్టి మంచి ఫొటో ఒక్కటే తేనక్కర్లేదు, దానికి ముందూ వెనకా తీసినవన్నీ తేవచ్చు. ఫిల్మ్ రోజుల్లో 36 ఫ్రేముల కాంటాక్ట్ షీట్ (రోల్‌లోని ఫొటోలన్నీ చిన్నగా ఒకే కాగితం మీద వేసిన ప్రింటు) చూస్తే ఫొటోగ్రాఫర్ ఎటు జరిగాడో, ఎక్కడ తొందరపడి ఆపేశాడో తెలిసిపోయేది. ఇప్పుడు ఏరకముందున్న ఫొటోలను వరసగా చూపిస్తే అదే పని జరుగుతుంది. ఒక్క నియమం కావాలి: తీసినవాళ్లు ముందు నోరు విప్పకూడదు, చూసినవాళ్లే తమకేం కనిపించిందో చెప్పాలి. లేదంటే సమయమంతా సంజాయిషీలకే పోతుంది. మొహమాటంతో అందరూ "సూపర్" అనేసే చోటైతే సమీక్ష దండగ, దానికి వాట్సాప్ గ్రూపు ఉంది.

వీలైతే ప్రింట్లు తీసుకెళ్లండి. 24 మెగాపిక్సెళ్ల ఫొటో మొత్తాన్ని ఫుల్ హెచ్‌డీ ప్రొజెక్టర్ దాదాపు 20 లక్షల పిక్సెళ్లలోనే చూపిస్తుంది, అంటే పన్నెండో వంతు. అదే 300 డీపీఐతో (అంగుళానికి 300 చుక్కలు) వేసిన ఏ4 ప్రింటులో సుమారు 87 లక్షలు పడతాయి. తెరమీద దాక్కున్న చిన్న షేక్, తప్పిన ఫోకస్ కాగితం మీద బయటపడతాయి.

వర్క్‌షాపుల గురించి ఎక్కువ చెప్పను. ఫ్లాష్, స్టూడియో లైటింగ్ లాంటివి చేత్తో చేయించేవైతే వెళ్లండి. ఉపన్యాసం మాత్రమే అయితే ఇంట్లో వీడియో చూసినా ఒకటే.

కొత్తవాళ్లకైతే వాక్, వారంలోపు ఆ వాక్ ఫొటోల మీద సమీక్ష, ఈ రెండూ జంటగా ఉండాలి. ఒకే వీధిలో ఒకే గంటలో పక్కవాళ్లకు కనిపించినదేదో మీకెందుకు కనిపించలేదో అప్పుడే తెలుస్తుంది. పోటీ మూడు నెలలకోసారి చాలు. తీసిన ఫొటోలను ఎప్పటికీ తెరిచి చూడని బద్ధకస్తులకు మాత్రం లెక్క తిరగబడుతుంది, వాళ్లను కదిలించేది పోటీ గడువే. ఏళ్లుగా తీస్తూ ఒక సిరీస్ మీద పనిచేస్తున్నవాళ్లు పోటీలు కొన్నాళ్లు మానేసినా నష్టం లేదు. క్లబ్‌లో సమీక్షే లేకపోతే, ఫొటోవాక్ అయ్యాక ఇంటికి వెళ్లేముందు ఓ అరగంట ఎక్కడైనా కూర్చుని, కెమెరాలు చేతులు మార్చుకుని చూసుకుందామని అడగండి. దానికి హాలూ అక్కర్లేదు, కమిటీ అనుమతీ అక్కర్లేదు.