నిజాంపేటలో అద్దె ఫ్లాట్: ఇల్లు బాగుంది, అడ్వాన్స్ దగ్గరే గొడవంతా

హైదరాబాద్ నిజాంపేటలో టూ బీహెచ్‌కే ఫ్లాట్‌లో అద్దెకుండి ఈమధ్యే ఖాళీ చేశాం. ఓనర్ పేరూ అపార్ట్‌మెంట్ పేరూ రాయను గానీ, ఆ చుట్టుపక్కల ఇల్లు వెతికేవాళ్ళకి ఇవి తెలియాలి.

ఇల్లు మాత్రం నిజంగా బాగుంది. గాలీ వెలుతురూ పుష్కలం, షేర్ ఆటో ఎక్కితే జేఎన్‌టీయూ మెట్రో, అమీర్‌పేటలో మారితే హైటెక్ సిటీ. వాచ్‌మన్ కుటుంబం ఎంత మంచివాళ్ళో, మేం ఆఫీసులో ఉంటే గ్యాస్ సిలిండర్ కూడా వాళ్ళే తీసిపెట్టేవాళ్ళు.

నీళ్ళ సంగతి చలికాలంలో ఇల్లు చూసినవాళ్ళకి తెలీదు. ఎండలు ముదిరేసరికి బోరు ఎండిపోతుంది, కుళాయిలో మంజీరా నీళ్ళు రోజు విడిచి రోజు కాసేపు వస్తాయి, మిగతాదంతా ట్యాంకర్లే. ఆ ఖర్చు మెయింటెనెన్స్‌లో కలిపి ఇద్దరున్న ఇంటికీ ఆరుగురున్న ఇంటికీ ఒకేలా వేస్తారు, అది అన్యాయం.

అసలు టెన్షన్ ఖాళీ చేసేటప్పుడు. నెల ముందే చెప్పాం, అద్దె ఒక్కసారి కూడా ఆలస్యం చేయలేదు. ఓనర్ బెంగళూరులో ఉంటారు, ఇక్కడ అన్నీ చూసేది ఆయన బావమరిది. రెండు నెలల అడ్వాన్స్‌లో ఒక నెల పెయింటింగ్‌కి పట్టుకుంటామన్నాడు. అగ్రిమెంట్‌లో ఆ మాటే లేదు కదండీ అంటే, "హైదరాబాద్‌లో ఎక్కడైనా ఇంతే బాబూ" అన్నాడు. మా పాప గోడమీద గీసిన గీతలకి డబ్బులివ్వమంటే ఇస్తాం, కానీ పై ఫ్లాట్ బాత్రూమ్ లీకై మా బెడ్‌రూమ్ సీలింగ్‌కి చెమ్మ పడితే దానికి మేమెందుకు కట్టాలి? వానాకాలంలోనే ఫోటోలు తీసి వాట్సాప్‌లో పంపాం, చూసినట్టు బ్లూ టిక్‌లు కూడా ఉన్నాయి. అవి చూపించాకే సగం తగ్గించాడు.

ఇక్కడ మామూలుగా 11 నెలలకే అగ్రిమెంట్ రాస్తారు. కొత్తది రాసిన ప్రతిసారీ అద్దె ఎంత పెంచుతారో, పెయింటింగ్‌కి ఎంత పట్టుకుంటారో, ట్యాంకర్ డబ్బులు ఎవరివో అందులోనే రాయించుకోండి. తాళాలు తీసుకున్న రోజే ప్రతి గది వీడియో తీసి ఓనర్‌కి పంపండి. కరెంటు మీటర్ మీ ఫ్లాట్‌కి విడిగా ఉందో లేదో చూసుకోండి, తెల్ల రేషన్ కార్డు ఉంటే ప్రభుత్వ గృహజ్యోతి పథకంలో నెలకి 200 యూనిట్ల దాకా జీరో బిల్లు అద్దెకున్నవాళ్ళకీ వస్తుంది.

ఇంటికి అయిదుకి నాలుగిస్తాను, ఓనర్‌కి ఒకటి.