వాతావరణ శాఖ తుపాను బులెటిన్లు: మా ఇంటి అనుభవం

ఐదుకు ఐదు ఇస్తున్నా. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను మా బాపట్ల దగ్గరే తీరం దాటింది. గాలి వేగం, తీరం దాటే చోటు, ఏ జిల్లాకు ఏ రంగు హెచ్చరిక, అన్నీ బులెటిన్‌లో ఉన్నాయి. అవి చూశాకే, తుపానుకు ముందురోజు, కోసిన పనలను కుప్ప వేయించాం.

బడులకు సెలవు ఇవ్వాలా, తీరం ఊళ్లు ఖాళీ చేయించాలా అని కలెక్టర్లు తేల్చుకునేది కూడా వీటిని బట్టే. మామూలుగా 48 గంటల ముందు అలర్ట్, 24 గంటల ముందు వార్నింగ్ ఇస్తారు. 1977 దివిసీమ ఉప్పెనలో అన్నను పోగొట్టుకున్న మా అమ్మమ్మకు ఈ సంగతి చెబితే చాలాసేపు మాట్లాడలేదు. "అప్పుడు మాకెవరూ చెప్పలేదే" అంది. ఇప్పుడు ప్రతి బులెటిన్ ఆమెకు చదివి వినిపిస్తున్నా.